గిన్నెలో నీళ్ళు

"సొరుగులో పడేయక్కా, మీ ఆయన్ని తీసుకుపో," అన్నాడు శవాగారం గుమాస్తా. అవినీతి నిరోధక సంస్థ పొడి పూసి ఇచ్చిన లంచం నోట్లను, భర్త శవం కోసం వచ్చిన ఆమె సొరుగులో వేసింది. ఆ సంస్థ అధికారులు లోపలికి వచ్చారు. ఆ నోట్లు తాకిన చేతులను గిన్నెలోని సోడా కలిపిన నీళ్ళలో ముంచితే గులాబీ రంగు రావాలి. గుమాస్తా ముంచాడు, రంగు రాలేదు.

"నా చేతులెప్పుడూ శుభ్రమేనండీ," అని నవ్వాడు.

సొరుగు వెతికిన పెద్ద అధికారి అది ఖాళీ అన్నాడు. అదే గిన్నెలో తన వేళ్ళు కడుక్కున్నాడు. నీళ్ళు నెమ్మదిగా గులాబీ రంగుకు తిరిగాయి. గదిలోని వారందరూ ఒక్కసారిగా గోడవైపు తిరిగి నిలబడ్డారు.

"నీళ్ళు తేటగానే ఉన్నాయి కదమ్మా?" అని ఆయన ఎంతో మర్యాదగా అడిగాడు. "సాక్షి సంతకం నువ్వే పెట్టాలి."

ఆమె భర్తను ఉంచిన గది తాళంచెవి ఆయన తడి వేళ్ళ మధ్య వేలాడుతోంది.