ఎర్ర అక్షరాలు

"ఏమప్పా ముత్తుకుమార్, ఎర్రర్ వస్తే నోరు మూసుకొని ఉండమని స్క్రిప్టులో రాసిపెట్టినావా?"

మేనేజర్ సుగన్య అరుపుకు సత్రపట్టి రోడ్డులోని ఆ బ్యాండేజీ కంపెనీలో అందరూ తలలు దించుకున్నారు.

బట్టకు ఆవిరి పట్టి క్రిములను చంపే యంత్రంలో వేడి తగ్గితే బెల్ మోగించే కంప్యూటర్ ప్రోగ్రాం, ఆ పైథాన్ స్క్రిప్టు, ముత్తుకుమార్ రాసిందే. నిన్న వేడి తగ్గింది కానీ బెల్ మోగలేదు. ఆసుపత్రికి బయలుదేరిన సరుకును శ్రీవిల్లిపుత్తూరు దగ్గర ఆపించి వెనక్కి తెప్పించారు.

"పుండు మీద కట్టే బట్టప్పా అది! ఎవరికన్నా చీము పట్టి ఉంటే?"

"వేడి ఎంతని రాసే ఫైలు తెరుచుకోలేదు మేడం. దాంతో బెల్ దాకా పోకుండానే స్క్రిప్టు ఆగిపోయింది. ఆ ఫైలును ఎవరో ఎక్సెల్‌లో తెరిచిపెట్టినారు, అట్ల ఉంటే స్క్రిప్టుకు అది తెరుచుకోదు."

"ఎవరది?"

అతను ఆమె కంప్యూటర్ వైపు చూశాడు. ఆ ఫైలు ఇంకా దాంట్లో తెరిచే ఉంది.

"సరి, నేనే తెరిచినాను! దినమూ చూస్తాను కదా. తెరుచుకోలేదని నీ స్క్రిప్టు చెప్పొద్దా? దాని నోరు ఎందుకు మూసినావు?"

"ముందు చెప్తానే ఉండింది మేడం. స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలు వచ్చేవి. ఇంకొకసారి ఎరుపు కనపడితే నీకు ఇక్కడ పని లేదని అందరి ముందర మీరే అరిచినారు."

సుగన్య మళ్ళీ నోరు తెరిచింది.

ఆమె ఒక్క మాటా అనకముందే ముత్తుకుమార్ కళ్ళు మూసుకున్నాడు.