లెక్కకి మూడు చెంచాలు

"ఒకటి," అంది కోడలు.

"మూడు," అన్నాడు మామగారు.

"డాక్టరు రోజు మొత్తానికి మూడన్నాడు మామయ్యా. మీరు ఒక్క కప్పుకే మూడంటున్నారు. రోజుకి మూడు కప్పులు. తొమ్మిదయింది."

"లెక్కలు నాకు చెప్పకమ్మా. ముప్ఫై రెండేళ్ళు తూనికల ఇన్‌స్పెక్టరుగా చేసినవాణ్ణి."

బజారంతా ఆయన్ని తూకాలాయన అనేది. ఆయన వీధి మలుపు తిరిగితే చాలు, దుకాణాల్లో బొటనవేళ్ళు త్రాసుల మీంచి వాటంతటవే లేచిపోయేవి. పళ్ళెం కింద అంటించిన మైనం ముద్దని చూడకుండానే, వేలితో తడిమి పట్టేసేవాడు.

అలాంటి మనిషికి రిటైరయ్యాక అజమాయిషీ చెయ్యడానికి మిగిలింది తన టీ కప్పు ఒక్కటే. తక్కినవన్నీ రక్త పరీక్ష కాగితం ఇంటికొచ్చిన రోజునే కోడలి చేతికి పోయాయి. అన్నం సగమైంది. కంచంలోకి పచ్చి కీరా ముక్కలు, ఉడికించిన ఆకులు, నూనె మొహం చూడని కూరలు వచ్చాయి. పొద్దున్నే గంట నడక. అన్నిటికీ తలొగ్గాడు. గడ్డి పెట్టినా నములుతాను గానీ కప్పులో వేలు పెడితే ఊరుకోనని మాత్రం ముందే చెప్పేశాడు. ఒకరోజు చక్కెర బదులు తీపి మాత్ర వేసి ఇస్తే, మొదటి గుక్కకే కనిపెట్టి, ఆ టీ తీసుకెళ్ళి పూలకుండీలో పోశాడు.

కొడుకు షూ లేసులు కట్టుకుంటూ పెదనాన్న సంగతి ఎత్తాడు. ఈ చక్కెర జబ్బుతోనే ఆయనకి చూపు పోయింది. చివరి ఆరేళ్ళూ ఆయన్ని ఈ గదిలోంచి ఆ గదిలోకి చెయ్యి పట్టుకుని నడిపించింది అమ్మే.

టేబులు పక్కన చక్కెర డబ్బాతో నిలబడ్డ ఆ అమ్మ, మూత తియ్యబోతున్నదల్లా ఆగిపోయింది. తూకాలాయన ఆగలేదు.

"పందెం," అన్నాడు. "మూడు నెలలయ్యాక మళ్ళీ పరీక్ష చేయించండి. పెరిగిందా, డబ్బాకి తాళం వేసి చెవి నీ దగ్గరే పెట్టుకో అమ్మాయ్. తగ్గిందా, ఈ ఇంట్లో చక్కెర గురించి ఎవరూ నోరెత్తకూడదు. అంతదాకా కప్పుకి మూడు. నా ఎదురుగానే వెయ్యాలి. నేను లెక్కపెట్టుకోవాలి."

కోడలు మొగుడి వంక చూసింది. అతను లేసుల వంక చూసుకున్నాడు. అప్పుడు తూకాలాయన భార్య నోరు విప్పింది.

"వేసేది నేనే. ఇంకెవరూ డబ్బా ముట్టుకోవద్దు."

నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడ తన పక్షం చేరడం ఇదే మొదటిసారని తూకాలాయన లోలోపల మురిసిపోయాడు.

మూడు నెలలూ ఏ పూటా తేడా రాలేదు. కప్పు రాగానే, ఆవిరి కమ్ముతుందని కళ్ళజోడు తీసి పక్కన పెట్టేవాడు. చెంచా కప్పు అంచుకి తగిలిన చప్పుడు చెవులతో లెక్కపెట్టేవాడు. ఒకటి. రెండు. మూడు. మూడోది పడ్డాక కోడలి వైపు ఒక చూపు విసిరి, అప్పుడు తాగేవాడు.

కోడలు అత్తగారితో మాటలు తగ్గించేసింది. ఒకరోజు ఉండబట్టలేక వంటింట్లో అడిగేసింది కూడా. "అన్నీ తెలిసి మీరే ఇలా చేస్తే ఎలా అత్తయ్యా?"

"ఆయన్ని మాటలతో గెలిచినవాళ్ళు లేరమ్మా," అని అత్తగారు గిన్నె తోముకోసాగింది.

తూకాలాయనకి ఉన్నదల్లా ఒకటే చికాకు. ఈమధ్య చక్కెరలో తీపి చచ్చిపోయిందని ఆయన అనుమానం. రెండుసార్లు దుకాణం మార్పించాడు. మిల్లులోనే ఏదో కలిపేస్తున్నారని తన పాత ఆఫీసుకి ఫిర్యాదు రాసి పడేశాడు. అక్కడితో ఆగక, గది మూల బొమ్మల సామాను పరుచుకుని కూర్చున్న అయిదేళ్ళ మనవరాలికి పాఠం మొదలుపెట్టాడు.

"దొంగ వ్యాపారి లెక్కలో ఎప్పుడూ మోసం చెయ్యడు తల్లీ. పదంటే పదే ఇస్తాడు. మోసమంతా కొలతలో ఉంటుంది."

ఆ పిల్ల బుద్ధిగా తలూపి, తన బుల్లి స్టీలు గిన్నెలోని ఉత్తుత్తి కూరని పెన్సిలు ముక్కతో కలుపుకుంది.

గడువు నాటికి కొడుకు కాగితం పట్టుకొచ్చాడు. కోడలు రెండుసార్లు చదివింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి మూడోసారి చదివింది.

"తగ్గింది మామయ్యా," అంది. "బాగా తగ్గింది."

సంతోషించాలో ఏడవాలో తెలియని గొంతు అది. తూకాలాయన ఎగిరి గంతెయ్యలేదు. మీసం మెలెయ్యలేదు. అందరినీ టేబులు చుట్టూ కూర్చోమని, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, తాపీగా, గొంతు పెంచకుండా చెప్పాడు.

"నా ఒంటి సంగతి డాక్టరుకన్నా నాకే ఎక్కువ తెలుసని తేలిపోయింది. పైగా ఇప్పుడొచ్చే చక్కెరలో పస లేదు. అందుకని రేపట్నుంచి కప్పుకి నాలుగు."

పందెం పందెమే. కోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈసారి కట్టుకోవడానికి లేసులు లేక కొడుకు నేల చూపులు చూశాడు.

"అలాగే. నాలుగే వేస్తాను," అంది భార్య, కోపం తాపం ఏమీ లేకుండా.

తర్వాత లేచి, మూల వంట చేసుకుంటున్న మనవరాలి పక్కన చతికిలబడి, చెవిలో మెల్లిగా అడిగింది.

"నీ బొమ్మల సామానులో ఇంకా చిన్న చెంచా ఉందా తల్లీ?"