గిజిగాడి బంగారు గూడు

ఆడపిట్ట వచ్చి గూడు మెచ్చితేనే గిజిగాడికి కాపురం. గాలికి తిరగకుండా అందరిలా గూటికి బంకమట్టి అద్దడం నామోషీ అనిపించి, ఒక గిజిగాడు బంగారం కోసం వాగులో దిగాడు. బండరాతి నెర్రెలో ముక్కు దూర్చాడు.

"ఎవడ్రా, పొద్దున్నే నా ఇంట్లో ముక్కు పెట్టేది?" అని లోపలినుంచి పీత కసిరింది.

"నేనే పీతత్తా! అడుగున బంగారు రేణువులున్నాయిగా, తీసుకోనీ."

"తీసుకో, నాకవి ఒకటే గుచ్చుకుంటున్నాయి. వాటిని పట్టుకున్న బంకమట్టి కూడా పట్టుకుపో."

"మట్టా? నాకా?"

గిజిగాడు మట్టినంతా వాగులో కడిగేసి, మెరిసే రేణువుల్ని గూటి గడ్డిలో దోపాడు. ఆడపిట్ట వచ్చి లోపల కూర్చుంది. గాలి వీచింది. గూడు గిరగిరా తిరిగింది. రేణువులు జలజలా రాలిపోయాయి.

"మెరుపు బాగానే ఉంది. రేపు గుడ్లు కూడా ఇలాగే రాలతాయా?" అని ఆమె పక్కగూటికి ఎగిరిపోయింది. ఆ గూడు గాలికి కదల్లేదు.

గిజిగాడు వాగుకి పరుగెత్తాడు. "అత్తా, ఆ మట్టి కాస్తయినా మిగిలిందా?"

"నువ్వు కడిగిందంతా కింది మడుగులో పేరుకుంది. మీ పక్కగూటివాడు ఎత్తుకెళ్ళాడు. నీకు దణ్ణాలు చెప్పమన్నాడు," అంది పీత.