ఫోన్లో నేర్పిన రొట్టె

"పిండి చేతికి అంటుకుపోతోందమ్మా," అంది పిచ్చుక, ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి.

"కాస్త పొడిపిండి చల్లుకో. మరీ గుమ్మరించకు." అమ్మ గొంతు దుప్పటి ముసుగేసుకుని మాట్లాడుతున్నట్టుంది.

పిచ్చుక అసలు పేరు బడి వాళ్లకే తెలుసు. ఏడో తరగతికి వచ్చినా పిట్టంత మనిషి కాబట్టి ఇంట్లో ఆ పేరే నిలిచిపోయింది. బడి నుంచి వచ్చి చాలాసేపయినా అమ్మ కుట్టుపని నుంచి రాకపోయేసరికి తనే ఫోన్ చేసింది. మొదటి రింగుకే ఎత్తిన అమ్మ, పొద్దున కలిపిన పిండి ఫ్రిజ్‌లో ఉందనీ, ఈ పూటకి కూర పెట్టి చుట్టే రొట్టె రోల్ చేసుకోమనీ చెప్పింది. నేను చెబుతుంటాను, నువ్వు చెయ్యి అంది.

అమ్మ ఎందుకు రాలేదో పిచ్చుకకి తెలుసు. నిన్న రాత్రి గోడవతల గొడవ వినబడింది. అమ్మ "నాకు భయమేస్తోంది" అంది. నాన్న "అందరూ ఉండట్లేదా? ఏం కాదు, నాకు తెలుసుగా" అన్నాడు. తర్వాత అమ్మ ఏడ్చింది. పొద్దున ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"ఉడకబెట్టిన ఆలుగడ్డలు చిదుము. గుడ్లు, ఉల్లిపాయలు తరిగి కలుపు. ఉప్పు, మిరియాలపొడి. మీ తమ్ముడికి కారం పడదు, గుర్తుంచుకో."

"వాడికి ఏదీ పడదు."

అమ్మ చిన్నగా నవ్వబోయి దగ్గింది. దగ్గు చాలాసేపు ఆగలేదు.

"ఏంటమ్మా?"

"దుమ్ము. ఇక్కడంతా దుమ్మే."

ఇంతలో పక్కింటి పెద్దమ్మ పిలవకుండానే వచ్చి, వెనక తలుపు మూసి గడియ పెట్టింది. ఆవిడ కళ్లు ఎర్రగా ఉన్నాయి. పిచ్చుక ఇంకా ఉల్లిపాయలు తరగనేలేదు.

"టీవీ పెట్టు పెద్దమ్మా," అన్నాడు తమ్ముడు.

"ఈ పూట టీవీ లేదు." ఆవిడ రిమోట్ తీసి చీర చెంగులో కట్టేసుకుని, వాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుంది. వాడికి ఏడేళ్లు. ఒళ్లో పట్టక గింజుకున్నా వదల్లేదు.

ఊరందరికీ తెలిసిపోయిందన్నమాట, అనుకుంది పిచ్చుక. అమ్మ ఇల్లు వదిలేసిందని అందరికీ తెలిసిపోయింది. రేపు బడిలో ఏం చెప్పాలి?

పిండిని పలకలా ఒత్తింది. కూర పరిచింది.

"ఇప్పుడు చాప చుట్టినట్టు చుట్టు. అంచులు తడి చేసి నొక్కు, లేకపోతే ఓవెన్లో విచ్చుకుంటుంది."

"వీడియో కాల్ చెయ్యమ్మా, చూపిస్తాను."

"వద్దులే. ఇక్కడ లైటు లేదు. ఫోన్లో చార్జింగూ తక్కువే. నువ్వు చెబుతుండు, నేను వింటాను."

పిచ్చుక చెబుతూ పోయింది. చుట్టానంది. పైన పాలు రాశానంది. ఒక మూల కొంచెం చిరిగిందంది. ఓవెన్లో పెట్టానంది. అమ్మ ప్రతిదానికీ ఊ కొట్టింది. ఊకి ఊకీ మధ్య దూరం పెరుగుతూ వచ్చింది. కోపం ఇంకా తగ్గలేదేమో అనుకుంది.

"వాసన వస్తోందా?" అంది అమ్మ కాసేపటికి.

"వస్తోంది."

"ఎలా ఉంది?"

"మామూలుగా. కాలిన వెన్నలాగా. మిరియాల ఘాటు కూడా."

పిచ్చుక వంగి ఓవెన్ అద్దంలోంచి చూసింది.

"అమ్మా, ఉన్నావా?"

"ఉన్నాను. తమ్ముడి జలుబు మందు పై అరలో ఉంది. నీ జడ పెద్దమ్మ వేస్తుంది, మారాం చెయ్యకు."

"రేపు కూడా రావా?"

"పిచ్చుకా, నాన్న వస్తే ఒక మాట చెప్పాలి. తప్పు ఆయనది కాదన్నానని చెప్పు. అచ్చం ఇలాగే చెప్పు, మాట మార్చకు."

"నువ్వే వచ్చి చెప్పొచ్చుగా."

"నువ్వు చెబితేనే వింటారు. ఇంక తినండి. వేడి మీద కొయ్యకు, పొడి పొడి అయిపో..."

ఫోన్ ఆగిపోయింది. మళ్లీ చేస్తే కలవలేదు. పెద్దమ్మ పమిట నోట్లో కుక్కుకుని వంటింటి గోడకి ఆనుకుంది.

రోల్ చల్లారాక పిచ్చుక ముక్కలు కోసింది. తమ్ముడు రెండు తిని, ఇంకోటి కావాలన్నాడు. అంతలో నాన్న వచ్చాడు. తాపీ పని చేసే మనిషి, సిమెంటు మరకలతో రావడం రోజూ ఉన్నదే. ఈ రోజు కనురెప్పల దాకా బూడిద రంగులో ఉన్నాడు. వేళ్ల చివర గోళ్లు విరిగి రక్తం గడ్డకట్టింది. ఎవరితోనో కొట్లాడి వచ్చాడనుకుంది పిచ్చుక.

"అమ్మ ఫోన్ చేసిందా?" అన్నాడు.

"నేనే చేశాను. ఇందాకటి దాకా మాట్లాడింది. తర్వాత కలవట్లేదు."

నాన్న గుమ్మంలోనే కూలబడ్డాడు. "ఏమంది?"

"తప్పు నీది కాదంది. అచ్చం ఇలాగే చెప్పమంది."

ఆయన రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. "వెళ్లనంది. కాళ్లావేళ్లా పడింది. నేనే పంపించాను," అన్నాడు, ఎవరికీ చెప్పనట్టు.

పిచ్చుకకి ఒక్కసారిగా ఒళ్లు మండింది. "అయితే వెళ్లి తీసుకురా నాన్నా. బతిమాలితే వస్తుంది."

పెద్దమ్మే వచ్చి పిల్ల తలని పొట్టకి అదుముకుని, ఇంక దాచలేక చెప్పింది.

గోడలు బీటలిచ్చి మధ్యాహ్నం కూలిన కుట్టు ఫ్యాక్టరీ కింద నుంచే అమ్మ అంతసేపూ మాట్లాడింది.