చీటీలో చివరిది

అత్తగారి మీద కోడలికి ఉన్న ఫిర్యాదు ఒక్కటే. మంచిది ఏదైనా చూపిస్తే ఆవిడ ముఖం మాడిపోతుంది.

వేరే కోడళ్ళు ఉప్పు గురించో కూర గురించో చెప్పుకుంటారు. ఈ కోడలు ఏకంగా ఒక దేశం గురించి చెప్పుకోవాల్సి వచ్చింది. పరాయి దేశంలో కాపురం. ఎండా వానా తప్ప మూడో కాలం లేని చోటు. అత్తమామలు వచ్చింది మూడు నెలలకి. వెళ్ళేలోగా ఆవిడ నోట ఒక్కసారి "బావుంది" అనిపించుకోవాలని కోడలి పంతం. అందుకు చేతిలో ఉన్నవి శని, ఆదివారాలే.

కొడుకు కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు. ఐదు రోజులు స్వెటర్లో వణికి, శనివారం కారు వెనక సీట్లో వెచ్చగా నిద్రపోతాడు. కారు నడిపేది కోడలే. పక్కన అత్తగారు. వెనకాల కొడుకు తల భుజమ్మీద మోస్తూ, గొడుగు పట్టుకుని మామగారు. రోజుకి నాలుగు మాటలు మించని మనిషి. కొడుకు పుట్టకముందు నుంచీ అంతేనట.

శనివారం తెల్లారితే చాలు, అత్తగారికి కాలు నిలిచేది కాదు. చెప్పులేసుకుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చునేవారు. కాఫీ కూడా అక్కడికే. మధ్యమధ్యలో కారు తాళాలు ఒకసారి గలగలలాడించేవారు, ఎవరికో వినబడాలన్నట్టు.

సంచీలో ఒక చీటీ ఉండేది. పాత క్యాలెండరు కాగితం వెనక, చూడాల్సిన వింతలు వరసగా రాసుకున్నారు. ఇవన్నీ ఎవరు చెప్పారని కోడలు అడిగితే, "ఎప్పుడో విన్నాలే అమ్మాయ్, గుర్తున్నంత వరకు రాసుకున్నా" అన్నారు. అసలు కొడుక్కి ఇక్కడ ఉద్యోగం వచ్చిందని తెలియగానే, వీధి చివరి కొట్టుకైనా తోడు లేనిదే కదలని ఆవిడ, అందరికన్నా ముందు పాస్‌పోర్టుకి పరిగెత్తారు.

మొదటి వారం అడవిలో రెండు గంటలు నడిచి, చాటంత పువ్వు చూశారు. నిజంగానే చాటంత. కోడలు నోరు తెరుచుకుని నిలబడిపోయింది. అత్తగారు చుట్టూ తిరిగి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, జానతో కొలిచి చూసి, తలనొప్పిగా ఉందన్నారు.

తర్వాత వారం కొండగుహ. సాయంత్రం వేలకి వేల గబ్బిలాలు పొగలాగా లేచి ఆకాశం కమ్మేశాయి. అత్తగారు తిరుగుదారంతా కారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. రాత్రి మజ్జిగ చాలన్నారు.

ఆ పై వారం జలపాతం ఎండిపోయి ఉంది. అంత దూరం తీసుకొచ్చి బండరాళ్ళు చూపించానే అని కోడలు కుంగిపోతుంటే, అత్తగారు పెళ్ళివారిలా వెలిగిపోయారు. అందరికీ ఐస్‌క్రీములు కొనిపించారు. అంతలో అక్కడి కాపలాదారు, రెండు వానలు పడితే మళ్ళీ దూకుతుందని చేతులూపి చూపించాడు. అత్తగారు ఐస్‌క్రీము సగంలోనే పారేశారు.

ఈ గొడవలేవీ మామగారికి పట్టేవి కావు. ఎక్కడికి వెళ్ళినా ఏ చెట్టు కిందో కూర్చునేవారు. మీరూ రండి మామయ్యా అంటే, "మీరు చూసి రండమ్మా" అనేవారు. ఎండ మండిపోతుంటే గొడుగు విప్పేవారు. పది నిమిషాలకి నిజంగానే వాన పడేది. పెద్దాయన జాగ్రత్త అనుకునేది కోడలు.

"నేనేం చూపించినా మీ అమ్మకి నచ్చదేమిటి?" అని మొగుణ్ణి నిలదీసింది.

"నేను పుట్టినప్పుడూ ఇదే మొహమట," అని అతను అటు తిరిగి పడుకున్నాడు.

చూస్తూండగానే చివరి ఆదివారం వచ్చింది. తెల్లారితే విమానం. చీటీలో ఒక్కటే మిగిలింది. అదేమిటో అత్తగారు చదివి వినిపించలేదు. సముద్రం కాలువల్లోకి చొచ్చుకొచ్చే చోట, బురదలో చెట్లుంటాయి, అక్కడికి పోనిమ్మన్నారు.

చెక్క వంతెన మీద అందరికన్నా ముందు ఆవిడే నడిచారు. కింద బురద, సాలీడు కాళ్ళలాంటి వేళ్ళు, పీతలు. మామగారు బెంచీ మీద కూర్చున్నారు. అత్తగారు కమ్మీ పట్టుకుని ఒంగి, ఈ చెట్టూ ఆ చెట్టూ చూస్తూ అరగంట అటూ ఇటూ తిరిగారు. ఏమీ కనబడలేదు.

ఆవిడ ముఖం మెల్లగా విచ్చుకుంది. మూడు నెలల్లో కోడలు అంత తేలికైన ముఖం చూడలేదు.

"ఇంకేముంది, పదండి పోదాం," అన్నారు, గొంతులో హుషారు దాచుకోలేక. "ఇక్కడేం లేదు."

"ఇంకో పావుగంట ఆగు," అన్నారు మామగారు. "పోటు రానీ."

రోజుకి నాలుగు మాటల మనిషి కదా, అందరూ ఆగారు.

నీళ్ళు పెరిగాయి. బురద కదిలింది. వేలెడంత చేప ఒకటి, పక్క రెక్కల మీద డేకుతూ ఒడ్డుకొచ్చి, ఒక వేరు పట్టుకుని, చిన్నగా, ఆగి ఆగి చెట్టెక్కింది. దాని వెనకే ఇంకోటి. కొడుకు మొదటిసారి నిద్ర మానేసి ఫోను తీశాడు. కోడలు అత్తగారి వైపు చూసింది, ఈసారి తలనొప్పా, కడుపునొప్పా అని.

అత్తగారు చీటీ తీశారు. మడత విప్పకుండానే మళ్ళీ సంచీలో పెట్టేశారు. వెళ్ళి బెంచీ మీద మామగారి పక్కన కూర్చుని, ఆయన చేతిలో గొడుగు తీసుకుని తన ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఏవండీ, పెళ్ళయిన కొత్తలో, ఓడలో పనిచేసినప్పుడు ఈ దేశంలో ఇవన్నీ చూశానని మీరు చెప్తుంటే, చేపలెక్కడైనా చెట్లెక్కుతాయా అని మా వాళ్ళందరి ముందూ నవ్వి మీ నోరు మూయించేశాను చూడండి, తప్పు నాదేనండీ."