తెర మూల మచ్చ

గడియారపు గోపురం అంచున హీరో ఒంటరిగా వేలాడే షాట్‌లో, అతని మణికట్టు పక్కన ఇంకెవరిదో చెయ్యి కనిపించేసరికి ఆ అమ్మాయి బొమ్మని అక్కడే ఆపి పెద్దది చేసి చూసింది.

పాత సినిమాల మీది గీతలూ మరకలూ కంప్యూటర్లో తుడవడం ఆమె ఉద్యోగం. ఆఫీసులో అందరూ ‘చీపురు’ అని పిలుస్తారు.

ఆ చోట ఇన్నేళ్ళూ జనం చూసింది ఒక నల్ల మచ్చని. ప్రింటు మీద పడ్డ మరక అనుకున్నారు. మురికి వదిలాక ఆ మచ్చకి వేళ్ళు మొలిచాయి. చిటికెన వేలు పక్కకి వంగిపోయి ఉంది.

కనిపించేది రెప్పపాటే. కానీ అది మామూలు షాట్ కాదు.

డూపు లేడు, తాడు లేదు, పక్కన పురుగు కూడా లేదు అని హీరో ఇప్పటికీ ప్రతి ఇంటర్వ్యూలో చెప్పుకునే షాట్. అతని కళ్ళలో భయం పుట్టే క్షణంలోనే ముఖం మీద నీడ పడుతుంది. ఆ భయం గురించీ ఆ నీడ గురించీ సినిమా పాఠాలు చెప్పేవాళ్ళు గంటలకొద్దీ మాట్లాడతారు.

చీపురు హీరోకి ఫోన్ చేసింది.

మచ్చ కింద చెయ్యి బయటపడిందని చెప్పింది. అంతా విన్నాక ఆయన, “మచ్చే కదమ్మా, తుడిచెయ్” అన్నాడు.

తుడిచేసింది.

ఆదివారం మధ్యాహ్నం, శుభ్రం చేసిన సినిమా మొదటి ఆట; అయ్యాక హీరో వేదిక మీదికి వస్తాడు. హాలు నిండింది. సగం మంది కుర్రకారు, నవ్వుకోవడానికే వచ్చారు. ఈ కాలంలో ఆ ఫైట్లు ఎవరు చూస్తారని, పది నిమిషాలు నిలబడితే గొప్పేనని పందాలు వేసుకుంటున్నారు.

చీపురుకి ముందు వరసలో ఇద్దరు పెద్దవాళ్ళు. ఒకాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్ళిచూపులకి వచ్చినవాడిలా నిటారుగా కూర్చున్నాడు. రెండో అతను ఆయన బావమరిదని మాటల్లోనే తెలుస్తోంది.

“మళ్ళీ చెప్పు బావా. నువ్వు హీరోవా, విలన్‌వా, మచ్చవా?”

“మచ్చనే. ఇవాళ శుభ్రంగా కడిగి వేస్తున్నారట. అది నా చెయ్యి అని నీకే తెలుస్తుంది.”

“మా అక్క పాపం, మచ్చని కట్టుకుంది.”

“మీ అక్క నమ్మిందిరా. నమ్మనివాడివి నువ్వొక్కడివే మిగిలావు.”

“సరే, ఆ చెయ్యి అక్కడేం చేస్తోంది?”

“ఏముంది, అడ్డం వచ్చింది. ఆ రోజు తిట్లు కూడా తిన్నాను.”

చీపురు ఆయన చేతుల కోసం ముందుకి వంగి చూడబోయింది.

దీపాలు ఆరాయి.

మొదట్లో నవ్వులు వినిపించాయి. దెబ్బ తగలకముందే పడిపోయిన రౌడీని చూసి ఈలలు వేశారు. రైలు మీద పోరాటం వచ్చేసరికి ఈలలు తగ్గాయి. అట్టముక్కల సెట్లు కావవి. నిజం రైలు, నిజం గాలి, ఆ గాలికి నిజంగా ఎరుపెక్కిన కళ్ళు. ఇంటర్వెల్లో పందెం ఓడిన కుర్రాడు ఆ సంగతే మరిచిపోయి, రెండో సగం ఎప్పుడు మొదలవుతుందని అడుగుతున్నాడు.

గోపురం వచ్చింది.

హీరో వేలాడాడు. కిందికి చూశాడు. కళ్ళలో భయం పుట్టింది. ముఖం మీద నీడ పడింది.

హాలంతా ఊపిరి బిగబట్టింది.

ముందు వరసలో పెద్దాయన సగం లేచి, తెర మూలకి వేలు చూపించబోయాడు.

మూల ఖాళీగా ఉంది. తేటగా, అద్దంలాంటి ఆకాశం.

చప్పట్లు మోగాయి. ఆ చప్పట్ల మధ్యే బావమరిది పొట్ట పట్టుకుని నవ్వాడు. “మచ్చ కూడా పోయింది కదా బావా!”

పెద్దాయన ముందు సీటు వీపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తెర వెలుగులో కనిపించింది, ఆ చేతి చిటికెన వేలు పక్కకి వంగిపోయి ఉంది.

“నేనే పొరబడ్డానేమోరా,” అన్నాడు. “పద, పోదాం.”

చీపురు లేచింది. చప్పట్లు కొడుతూ లేచినవాళ్ళు దారికి అడ్డం నిలబడ్డారు. తోసుకుంటూ బయటికి వెళ్ళేసరికి మెట్ల మీద ఎవరూ లేరు. రోడ్డు మీదా లేరు.

ఆమె తిరిగి వచ్చేసరికి సినిమా అయిపోయింది. హీరో వేదిక మీద ఉన్నాడు. జుట్టు నెరిసినా నడుము వంగలేదు. పందెం ఓడిన కుర్రాడే మైకు పుచ్చుకుని, ఇప్పటి సినిమాల్లో అలాంటి షాట్ ఒక్కటీ లేదనీ, ఆ భయం ఎలా నటించారో చెప్పమనీ అడిగాడు.

హీరో నవ్వి, అద్దం ముందు నెల్లాళ్ళు చేసిన సాధన గురించి మొదలుపెట్టాడు. ఆ కథ అందరికీ తెలిసిందే.

చీపురు కుర్రాడి చేతిలోంచి మైకు తీసుకుంది.

“సార్, చిటికెన వేలు వంకరగా ఉన్న ఒకాయన ఇప్పటిదాకా ఇక్కడే కూర్చున్నారు.”

హీరో ముఖంలో నవ్వు ఆగిపోయింది.

“ఉన్నాడా?”

“వెళ్ళిపోయారు సార్. చెయ్యి కనబడలేదని, తానే పొరబడ్డానని చెప్పి వెళ్ళిపోయారు.”

హీరో కుర్చీలో కూర్చున్నాడు. మైకు మాత్రం కింద పెట్టలేదు.

“ఆ షాట్‌లో నేను నటించలేదు. కాలు జారింది. నా మొహం మీదికి వెలుతురు మళ్ళించడానికి గోడ వెనక అద్దం పట్టుకుని ఒకతను నిలబడ్డాడు. అద్దం వదిలేసి నా చెయ్యి అందుకున్నాడు. వెలుతురు తప్పింది; మీరు మెచ్చుకునే నీడ అదే. నా బరువుకి అతని వేలు విరిగింది. షాటు పాడుచేశాడని అతన్ని ఆ పూటే వెళ్ళగొట్టారు; తర్వాత ఆ షాటే సినిమాలో ఉంచుకున్నారు. నేను పక్కనే ఉండి నోరు విప్పలేదు. ఇన్నేళ్ళకి కూడా సినిమా నిలబడిందంటున్నారు. నిలబెట్టింది ఆ చెయ్యి. మచ్చే కదా, తుడిచెయ్ అన్నది నేను.”