పేలని బండి

"నీ బాంచెన్ దొరా, ఇగ బండి పేలదు" అన్నాడు మత్తయ్య, మసి చేతులు గోనెసంచికి తుడుచుకుంటూ.

పెట్రోలు కరువై, అందులో సారా కలిపి పోస్తున్న రోజులవి. ఆ సారాకు కార్బురేటరులో తేలే బెండు మీది లక్కపూత కరిగిపోయేది. బెండు మునిగి, పెట్రోలు పొంగి, దొర మోటారు సైకిలు దారి పొడుగునా టపాకాయల్లా పేలేది. మత్తయ్య ఆ బెండు తీసేసి, రేకుతో చేసిన బుడ్డి పెట్టాడు. టాంకీ అడుగున చేరిన నీళ్లు వంపేశాడు.

దొర కిక్కు కొట్టాడు. ఇంజను పిల్లిలా గురగురలాడింది.

"శభాష్‌రా మత్తిగా!" అని, తుపాకి భుజానికి తగిలించుకుని మిర్యాలగూడ దాటిపోయాడు.

"సూసినవా? మలుపు తిరగంగనే సప్పుడు ఇనపడకుండ వోయింది!" అన్నాడు మత్తయ్య, గంజి తెచ్చిన భార్యతో.

"ఎటు వోయిండు?" అంది సుగుణమ్మ.

"మీ వేములపల్లికే. సర్కారుకు కొలవాల్సిన లెవీ వడ్లు దాసినోళ్లను పట్టుకొస్తడంట."

సుగుణమ్మ గంజి ముంత కింద పెట్టేసింది.

"మరి మావోళ్లకు ఎట్ల తెలుస్తది? ఆ పేలుడు ఊరవతలి నుంచే ఇనపడేది. ఇనంగనే మొగోళ్లంత చేన్లల్లకు ఉరికేటోళ్లు. పోయినపాలి మా తమ్ముడు గట్లనే బతికిండు."

మత్తయ్య రోడ్డు మీదికి పరుగెత్తాడు. వేములపల్లి వైపు చెవి ఒగ్గి నిలబడ్డాడు.

"ప్రభువా, ఒక్కపాలి... ఒక్కపాలన్న పేలనియ్యి."